చంద్రుడి చుట్టూ తిరిగే నౌక సిగ్నల్‌ను మిద్దె మీది డిష్‌తో పట్టడం ఎలా?

“మా మిద్దె మీద పాత డిష్ ఉంది, దాంతో వాయేజర్ సిగ్నల్ పట్టొచ్చా?” అనంతపురంలో ఇంజినీరింగ్ పిల్లలు కలిసినా, ఒకప్పటి కేబుల్ టీవీ మెకానిక్కులు కలిసినా ఇదే ప్రశ్న. నాసా నౌక వాయేజర్ 1 ఇప్పుడు భూమికి 2,400 కోట్ల కిలోమీటర్లకు పైనే దూరంలో ఉంది. 2024లో నెదర్లాండ్స్‌లోని డ్వింగెలోలో ఔత్సాహికులు దాని సిగ్నల్ పట్టారు గానీ, వాళ్లు వాడింది 25 మీటర్ల డిష్. మిద్దె మీద ఆ పని కాదు. చంద్రుడి చుట్టూ తిరిగే నౌకదైతే అవుతుంది. ఆరడుగుల డిష్, ఒక రేకు డబ్బా, మంచి యాంప్లిఫయర్, కొన్ని సాయంత్రాల ఓపిక ఉండాలి.

మనం ఎంచుకునే నౌక నాసా వాళ్ల లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్, పొట్టిగా ఎల్ఆర్ఓ. 2009 జూన్ 18న బయల్దేరింది. 2271.2 మెగాహెర్ట్జ్ మీద భూమికి సమాచారం పంపుతుంది. మన టీవీ ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే, చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. దూరం పదింతలైతే మనకు అందే శక్తి నూరో వంతుకు పడిపోతుంది. ఇక్కడ తెలియాల్సిన థియరీ ఇంతే.

మాటలు వినబడతాయని, ఫొటోలు వస్తాయని అనుకోకండి. కంప్యూటర్ తెర మీద జారే వాటర్‌ఫాల్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ మీద ఎంత సిగ్నల్ ఉందో క్షణక్షణం గీసి చూపే బొమ్మ అది) ఒక సన్నటి గీత కనబడుతుంది, మెల్లగా పక్కకు వంగుతూ పోతుంది. ఊళ్లో ఏ యాంటెన్నా పెట్టినా గీతలు బోలెడు కనబడతాయి. వాటిలో ఒకటి చంద్రుడి దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేయడమే అసలు పని. అందుకే కింద ఆ భాగాన్ని అన్నిటికన్నా వివరంగా రాశాను.

ఇది వినడం వరకే. లైసెన్సు లేకుండా ఏదీ ప్రసారం చేయకూడదు.

ఏమేం కావాలి?

డిష్: ఆరడుగులది లేదా ఎనిమిది అడుగులది, జల్లెడలా ఉండే పాత సీ బ్యాండ్ కేబుల్ డిష్. డిజిటల్ వచ్చాక కేబుల్ ఆఫీసుల మిద్దెల మీద ఇవి ఎండకు ఎండి వానకు తడుస్తున్నాయి. అడిగితే ఇచ్చేవాళ్లున్నారు, లేకపోతే పాత ఇనుప సామాన్ల అంగళ్లలో చూడండి. కొనాల్సివస్తే రేకు డిష్ కన్నా జల్లెడ డిష్ మేలు. ఆషాఢంలో మన జిల్లా గాలి సంగతి తెలిసిందే కదా, రేకు డిష్‌ను అది గురి మీద నిలవనివ్వదు. 2271 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవు 13.2 సెంటీమీటర్లు. జల్లెడ కన్నం సెంటీమీటరు లోపు ఉంటే ఈ తరంగానికి అది రేకుతో సమానమే.

ఇంట్లో ఉన్న 60 సెంటీమీటర్ల డీటీహెచ్ డిష్‌తో కుదరదా? నౌక తన పెద్ద యాంటెన్నాతో గట్టిగా ప్రసారం చేసే వేళ కుదరొచ్చు. కానీ అది ఆరడుగుల డిష్ కన్నా దాదాపు 10 డీబీ వెనకబడి ఉంటుంది (డీబీ అంటే సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత: 3 డీబీ అంటే రెండింతలు, 10 డీబీ అంటే పదింతలు). మొదటి ప్రయత్నానికి వద్దు.

ఫీడ్ (డిష్ పోగుచేసిన సిగ్నల్‌ను అందుకునే భాగం): 9 నుంచి 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రేకు డబ్బా, ఒక ఎన్ టైప్ లేదా ఎస్ఎంఏ సాకెట్, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల మందం గట్టి రాగి తీగ.

ఎల్ఎన్ఏ (బలహీనమైన సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్): 2.2 గిగాహెర్ట్జ్ దగ్గర నాయిస్ ఫిగర్, అంటే అది సొంతంగా కలిపే శబ్దం, 1 డీబీ లోపు, గెయిన్, అంటే పెంపు, 20 డీబీ లేదా ఎక్కువ. డబ్బులు ఒకేచోట పెట్టగలిగితే ఇక్కడే పెట్టండి.

ఫిల్టర్: 2200 నుంచి 2290 మెగాహెర్ట్జ్ వరకు వదిలి మిగతాది ఆపేది. దీన్ని చాలామంది అనవసరం అనుకుని మానేస్తారు. మన దేశంలో 4జీ టవర్లు 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్‌లో కూడా పనిచేస్తాయి. మనకు కావాల్సిన గీతకూ టవర్ మోతకూ మధ్య ఎడం 29 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఫిల్టర్ లేకపోతే టవర్ ధాటికి ఎస్‌డీఆర్ (సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే రేడియో రిసీవర్) ఉక్కిరిబిక్కిరై ఏమీ చూపించదు.

ఎస్‌డీఆర్: మామూలు ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ 1.7 గిగాహెర్ట్జ్ దాటి పైకి పోదు, కాబట్టి నేరుగా పనికిరాదు. హ్యాక్‌ఆర్‌ఎఫ్ గానీ ప్లూటో గానీ కావాలి. చేతిలో ఆర్‌టీఎల్ డాంగిల్ మాత్రమే ఉంటే డౌన్‌కన్వర్టర్ (ఫ్రీక్వెన్సీని కిందికి దించే పెట్టె) జోడించండి. పాత ఎంఎండీఎస్ (ఒకప్పటి వైర్‌లెస్ కేబుల్ టీవీ) డౌన్‌కన్వర్టర్లలో 1998 మెగాహెర్ట్జ్ లోకల్ ఆసిలేటర్ ఉన్న రకం, అంటే వచ్చిన ఫ్రీక్వెన్సీలో 1998 తగ్గించేది దొరికితే, మన సిగ్నల్ 273.2 మెగాహెర్ట్జ్ మీదికి దిగుతుంది.

వీటికి తోడు ఐదారు గంటలు నిలిచే బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్, పది మీటర్ల మంచి కోయాక్స్ కేబుల్, స్టాండుకు జీఐ పైపులు, అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క ఒకటి. ఎలక్ట్రానిక్ సామాన్లు అనంతపురంలో దొరక్కపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. వెతకడానికి వెళ్లేముందు కనెక్టర్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఎస్ఎంఏ, ఆర్‌పీ ఎస్ఎంఏ పైకి ఒకేలా ఉంటాయి. ఒకటి బదులు ఇంకొకటి తెచ్చుకుంటే బిగుసుకుంటాయి గానీ లోపల పిన్ను తగలదు.

ఇక పని మొదలుపెడదాం.

1. డిష్ వంకర పోయిందేమో చూడండి

డిష్‌ను నేల మీద వెల్లకిలా పెట్టి, అంచు నుంచి అంచుకు రెండు నూలు దారాలు అడ్డంగా, నిలువుగా బిగించి కట్టండి. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి ముట్టీ ముట్టనట్టు తగలాలి. మధ్యలో ఎడం ఉన్నా, ఒకటి ఇంకొకదాన్ని నొక్కుతున్నా డిష్ అంచు మెలిపడినట్టే. వెనక బోల్టులు వదులు చేసి సరిచేయండి. 8 మిల్లీమీటర్ల వరకు సొట్టలుంటే ఈ తరంగానికి పెద్ద నష్టం లేదు, చెమటోడ్చి నున్నగా చేయాల్సిన పని లేదు.

ఇప్పుడు దారాలు కలిసిన చోటు నుంచి డిష్ అడుగు వరకు లోతు కొలవండి. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకు 16 రెట్లతో భాగిస్తే ఫోకస్ దూరం వస్తుంది. వ్యాసం 180 సెంటీమీటర్లు, లోతు 28 అయితే ఫోకస్ దాదాపు 72 సెంటీమీటర్లు. పాత ఎల్ఎన్‌బీ (టీవీ సిగ్నల్ అందుకునే పెట్టె) ఎక్కడుందో అక్కడే ఫోకస్ అని నమ్మకండి. పాత డిష్‌లకు కాళ్లు మార్చి బిగించినవి చాలా ఉంటాయి.

2. డబ్బా ఫీడ్ తయారుచేయండి

ఇక్కడ మిల్లీమీటర్లు లెక్కలోకి వస్తాయి. పాలపొడి డబ్బాల్లో 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నవి సులువుగా దొరుకుతాయి, అవి సరిగ్గా సరిపోతాయి. కొలత డబ్బా లోపలిది తీసుకోవాలి, బయటిది కాదు. డబ్బా 7.7 సెంటీమీటర్ల కన్నా సన్నగా ఉంటే ఈ తరంగం అందులోకి దూరనే దూరదు. చిన్న కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలు అందుకే పనికిరావు. 10 సెంటీమీటర్లు బాగా దాటితే అక్కర్లేని ఇంకో రకం తరంగం కూడా లోపల పుట్టి ఫీడ్ చూపును చెడగొడుతుంది.

తీగ పెట్టే కన్నం డబ్బా మూసిన అడుగు నుంచి ఎంత దూరంలో ఉండాలన్నది వ్యాసాన్ని బట్టి మారుతుంది. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లయితే 5.2, 9.5 అయితే 5.7, 9 అయితే 6.5 సెంటీమీటర్లు. డబ్బా పొడవు పదిహేను సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. తక్కువైతే అదే వ్యాసం ఉన్న ఇంకో డబ్బాను అడుగు కోసి, చుట్టూ టంకం వేసి అతికించండి.

రాగి తీగను సాకెట్ మధ్య పిన్నుకు టంకం వేసి, డబ్బా లోపలి గోడ నుంచి కొన దాకా 3.3 సెంటీమీటర్లు ఉండేలా కత్తిరించండి. తర్వాత కొంచెం కొంచెంగా తగ్గిస్తూ 3.0, 3.1 దగ్గర ఆపండి. నానోవీఎన్ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపే చిన్న మీటరు) ఉంటే 2271 దగ్గర గుంట ఎక్కడ పడుతుందో చూస్తూ కత్తిరించొచ్చు, కానీ అది 3 గిగాహెర్ట్జ్ వరకు కొలిచే రకమై ఉండాలి. తీగ నిటారుగా, డబ్బా మధ్యకు చూస్తూ ఉండాలి. సాకెట్ డబ్బాకు ఆనే చోట రంగు, వార్నిష్ గీకేయండి. రంగు మీద బిగించిన సాకెట్‌కు ఎర్త్ అందదు. కొత్తగా చేసిన డబ్బాలు పనిచేయకపోతే నేను మొదట చూసే చోటు ఇదే.

నౌకలు సాధారణంగా వృత్తాకార పోలరైజేషన్‌లో, అంటే తరంగం మరలా చుట్టు తిరుగుతూ వచ్చేలా, ప్రసారం చేస్తాయి. మన డబ్బాది సరళరేఖ పోలరైజేషన్, కాబట్టి 3 డీబీ పోతుంది. పోనివ్వండి. బదులుగా కుడి చుట్టైనా ఎడమ చుట్టైనా సమానంగా పడుతుంది. అనుభవం వచ్చాక హెలిక్స్ (స్ప్రింగులా తీగ చుట్టిన) ఫీడ్ చుట్టుకోవాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: డిష్ మీద తగిలి తిరిగొచ్చేటప్పుడు చుట్టు తిరగబడుతుంది. నౌకది కుడి చుట్టైతే ఫీడ్‌ను ఎడమ చుట్టు చుట్టాలి. తప్పు చుట్టు చుడితే 20 డీబీ పైనే పోయి, ఏమీ కనబడక డిష్‌నూ ఎల్ఎన్ఏనూ అనుమానిస్తూ కూర్చుంటారు.

డబ్బా మూతి డిష్ వైపు చూడాలి. ఫోకస్ బిందువు మూతికి సెంటీమీటరు లోపల పడేలా బిగించండి. వాన, పక్షులు, కందిరీగలు చొరబడకుండా మూతికి పలుచటి ప్లాస్టిక్ మూత పెట్టండి.

3. ఎల్ఎన్ఏను డబ్బాకే తగిలించండి

డబ్బాకూ ఎల్ఎన్ఏకూ మధ్య కేబుల్ వద్దు, సాకెట్‌కు నేరుగా అడాప్టర్‌తో బిగించండి. అక్కడ పోగొట్టుకున్న సిగ్నల్‌ను తర్వాత ఎంత పెంచినా వెనక్కి తెచ్చుకోలేరు. ఎల్ఎన్ఏ తర్వాత ఫిల్టర్, ఆ తర్వాత పొడవు కేబుల్, చివర ఎస్‌డీఆర్. టవర్ కళ్ల ముందే ఉంటే మాత్రం నష్టం తక్కువున్న ఫిల్టర్ ఒకటి ఎల్ఎన్ఏకు ముందు కూడా పెట్టక తప్పదు.

ఎల్ఎన్ఏకు కరెంటు కేబుల్ గుండా పంపితే వోల్టేజీ రెండుసార్లు చూడండి. వీటిలో చాలావరకు 5 వోల్టులవి. డీటీహెచ్ సెట్‌టాప్ బాక్సు 13, 18 వోల్టులు పంపుతుంది. పొరపాటున దానికి తగిలిస్తే ఎల్ఎన్ఏ కాలిపోతుంది.

4. వైఫైతో ఇంట్లోనే పరీక్షించండి

డిష్ ఎక్కించక ముందే డబ్బా, ఎల్ఎన్ఏ, ఎస్‌డీఆర్ కలిపి గదిలో పెట్టి, ఫిల్టర్ తీసేసి, 2437 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి. అది వైఫై ఆరో చానల్. రూటర్ అదే చానల్ మీద ఉండేలా సెట్ చేసుకోండి. డబ్బా మూతి రూటర్ వైపు తిప్పితే మోత పెరగాలి, పక్కకు తిప్పితే తగ్గాలి. మీరు డబ్బాను దాని ఇరుసు మీద 90 డిగ్రీలు తిప్పినప్పుడు కూడా తేడా కనబడాలి. ఎటు తిప్పినా ఒకేలా ఉందంటే సిగ్నల్ డబ్బా గుండా కాక కేబుల్ గుండానో ఎస్‌డీఆర్ పెట్టె గుండానో దూరుతోంది. ఎర్త్, కనెక్టర్లు మళ్లీ చూడండి.

5. సూర్యుడితో గురి సరిచేయండి

ఈ మెట్టు దాటవేసిన వాళ్లెవరికీ సిగ్నల్ దొరకడం నేను చూడలేదు.

ఎస్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఆటో గెయిన్ ఆపేయండి. అది నడుస్తుంటే మోత పెరిగినప్పుడల్లా గెయిన్ తగ్గించేసి తేడా కనబడనివ్వదు. 2271 దగ్గర, టవర్ మోత లేని ఖాళీ జాగాలో సగటు శబ్దస్థాయి చూడండి. డిష్‌ను ముందు ఖాళీ ఆకాశం వైపు, తర్వాత గోడ వైపో నేల వైపో తిప్పండి. వేడి నేలను చూసినప్పుడు శబ్దం కనీసం 2, 3 డీబీ పెరగాలి. పెరగలేదంటే ఎల్ఎన్ఏకు కరెంటు అందడం లేదు, లేదా టవర్ మోత ఎస్‌డీఆర్‌ను ముంచేస్తోంది. అది సరయ్యేదాకా ముందుకు పోవద్దు.

తర్వాత సూర్యుడి వైపు తిప్పండి. ఫీడ్ నీడ డిష్ నట్టనడుమ పడితే గురి దాదాపు కుదిరినట్టే. కొంచెం అటూ ఇటూ కదిపి శబ్దం అత్యధికంగా ఉన్నచోట ఆపండి. ఆరడుగుల డిష్‌కు కొన్ని డీబీల పెరుగుదల స్పష్టంగా కనబడుతుంది. డీటీహెచ్ డిష్‌కు ఒక డీబీ దగ్గర ఉంటుంది. డీటీహెచ్ డిష్ వాడేవాళ్లకు ఇంకో సంగతి: దాని చూపు డిష్ ముఖం కన్నా ఇరవై పాతిక డిగ్రీలు పైకి ఉంటుంది, కాబట్టి ఫీడ్ నీడ డిష్ మధ్యలో కాదు, కింది అంచు దగ్గర పడాలి.

శబ్దం గరిష్ఠంగా ఉన్న ఆ స్థితిలోనే పీవీసీ పైపు ముక్కను డిష్ అంచుకు కట్టండి. పైపు గుండా వచ్చే ఎండ వెనక పట్టుకున్న కాగితం మీద గుండ్రంగా పడేలా సర్ది, కదలకుండా బిగించండి. ఇకపై రాత్రి ఆ పైపులో చంద్రుడు కనబడితే డిష్ కూడా చంద్రుణ్ణే చూస్తోందన్నమాట. ఫోన్‌లో దిక్సూచి నమ్మకండి, ఇనుప డిష్ పక్కన అది తప్పు చూపిస్తుంది.

జాగ్రత్త: పైపులో కన్ను పెట్టి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడొద్దు. మెరిసే రేకు డిష్ అయితే ఎండంతా ఫీడ్ మీద పోగై ఎల్ఎన్ఏను, దగ్గర పెట్టిన చేతిని కూడా కాలుస్తుంది. మన ఎండలకు అది నిమిషాల పని. అలాంటి డిష్‌కు మెరుపు లేని రంగు వేశాకే సూర్యుడి వైపు తిప్పండి.

6. రోజు, వేళ ఎంచుకోండి

అమావాస్యకు ముందూ తర్వాతా రెండు రోజులు వద్దు. చంద్రుడు సూర్యుడి పక్కనే ఉంటాడు, సూర్యుడి శబ్దం మీద పడుతుంది. మొదటిసారికి శుక్ల పక్షం సప్తమి, అష్టమి, నవమి బాగుంటాయి. ఆ రోజుల్లో పొద్దు గూకే వేళకు చంద్రుడు నడినెత్తి దగ్గర ఉంటాడు. చేత్తో తిప్పే స్టాండుతో నడినెత్తిన వెంబడించడం కష్టం. రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిదికి పడమటికి వాలి 45 డిగ్రీల దగ్గరికి వస్తాడు, అప్పుడు మొదలుపెట్టండి. 30 డిగ్రీల కిందికి దిగితే నేల వేడి, ఊరి టవర్లు రెండూ డిష్ చూపులోకి వస్తాయి.

సప్తగిరి సర్కిల్, టవర్ క్లాక్ చుట్టుపక్కల ఇల్లయితే ఫిల్టర్ ఉన్నా ఇబ్బందే. ఊరి బయట శనక్కాయ చేనులో, టవర్‌కూ మీకూ మధ్య ఏదైనా గుట్ట అడ్డం ఉన్నచోట అదే పరికరం ఇంకోలా పనిచేస్తుంది. ముందు ఒకసారి ఎస్‌డీఆర్ మాత్రం పట్టుకెళ్లి 2300 పైన మోత ఎంత ఉందో చూసి జాగా ఎంచుకోండి.

7. నౌక ఎక్కడుంటుందో లెక్క తెచ్చుకోండి

నాసా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ వాళ్ల హొరైజన్స్ సేవ ఉచితం. అందులో ఎల్ఆర్ఓ సంఖ్య మైనస్ 85. చూసే చోటుగా మీ అక్షాంశ రేఖాంశాలివ్వండి. అనంతపురానికి 14.68 ఉత్తరం, 77.60 తూర్పు, ఎత్తు 0.335 కిలోమీటర్లు. నిమిషానికో వరస వచ్చేలా అడిగి, దిక్కు, ఎత్తు కోణం, దూరం మారే వేగం ఉన్న గడులు తీసుకోండి. టైము యూటీలో (గ్రీనిచ్ టైములో) ఉంటుంది. మన తొమ్మిది గంటలంటే అక్కడ 15:30. ఈ ఐదున్నర గంటల తేడా మర్చిపోయి ఆకాశంలో లేని నౌక కోసం వెతికేవాళ్లు చాలామంది.

వేగం సెకనుకు ఒక కిలోమీటరైతే ఫ్రీక్వెన్సీ 7.576 కిలోహెర్ట్జ్ జరుగుతుంది, ఈ జరుగుడునే డాప్లర్ అంటారు. ప్లస్ గుర్తు ఉంటే దూరం పోతోంది, ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. మైనస్ ఉంటే దగ్గరికొస్తోంది, పెరుగుతుంది. ప్లస్ 1.2 ఉంటే 9.09 కిలోహెర్ట్జ్ కిందికి చూడాలి. ఈ లెక్కను నిమిషం నిమిషానికి ఎక్సెల్‌లో వేసి గ్రాఫ్ గీసి పెట్టుకోండి. రాత్రికి అదే మీ చేతిలో ఉండాల్సిన కాగితం.

వేగం గడిలో అంకెలు ప్లస్ నుంచి మైనస్‌కు బాగా ఊగే రోజులు ఎంచుకోండి. ఎల్ఆర్ఓ దాదాపు రెండు గంటలకోసారి చంద్రుణ్ణి చుట్టివస్తుంది. దాని కక్ష్య మనకు పక్కవాటుగా ఉన్న రోజుల్లో డాప్లర్ 12 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ ఊగుతుంది, ప్రతి చుట్టులో ముప్పావు గంట సేపు నౌక చంద్రుడి చాటుకు పోతుంది. ఈ రెండూ తర్వాత రుజువుకు పనికొస్తాయి. కక్ష్య ఎదురుగా వృత్తంలా కనబడే రోజుల్లో ఊపు ఉండదు, చాటు కూడా ఉండదు.

8. ఎస్‌డీఆర్ అమర్చి రికార్డు చేయండి

ఎస్‌డీఆర్ గడియారం తప్పు ముందు సరిచూడండి. ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) తప్పుకు ఇక్కడ 2.27 కిలోహెర్ట్జ్ తేడా, 20 పీపీఎం అయితే 45 కిలోహెర్ట్జ్. జీపీఎస్‌తో నడిచే రిఫరెన్సు ఉంటే మంచిది. లేకపోతే 4జీ టవర్ ఫ్రీక్వెన్సీని ఆధారంగా తీసుకుని తప్పు కొలిచే సాఫ్ట్‌వేర్లున్నాయి, టవర్ల గడియారాలు చాలా ఖచ్చితం. ఎస్‌డీఆర్‌ను అరగంట ముందే ఆన్ చేసి, గాలి తగలకుండా గుడ్డ కప్పిన పెట్టెలో ఉంచండి. మిద్దె మీద సాయంత్రం వేడి దిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ జారుతుంది, ఆ జారుడు చూసి డాప్లర్ అనుకునే ప్రమాదం ఉంది.

సాఫ్ట్‌వేర్ ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ చాలు. గ్నూ రేడియో వచ్చినవాళ్లు అదే వాడుకోండి. డెసిమేషన్‌తో వెడల్పును 250 కిలోహెర్ట్జ్ దగ్గరికి తగ్గించి, ఎఫ్ఎఫ్‌టీ సైజు (ఆ వెడల్పును ఎన్ని గడులుగా విడదీయాలన్న సంఖ్య) 65,536 పెట్టండి. ఒక్కో గడి 4 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇంకా సన్నం చేస్తే ఇంకా బలహీనమైన సిగ్నల్ పడుతుంది కదా అని ఒక హెర్ట్జ్ కిందికి వెళ్లకండి. ఎల్ఆర్ఓ ఫ్రీక్వెన్సీ ఒక్కోసారి సెకనుకు పది హెర్ట్జ్‌కు పైగా జరుగుతుంది. గడి మరీ సన్నగా ఉంటే సిగ్నల్ ఒక గడిలో నిలవకుండా పదింటిలో పలచబడి మాయమైపోతుంది. 4 నుంచి 10 హెర్ట్జ్ మధ్య ఉంచండి.

2271.2 నడిమధ్యలో పెట్టొద్దు. చాలా ఎస్‌డీఆర్‌లకు సరిగ్గా మధ్యలో ఒక దొంగ గీత ఉంటుంది. 50 కిలోహెర్ట్జ్ పక్కకు జరిపి పెట్టండి. ఐక్యూ రికార్డింగ్ (అందిన సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు దాచేది) మొదటి నుంచీ ఆన్‌లో ఉంచండి. 250 కిలోహెర్ట్జ్‌కు 16 బిట్‌లో గంటకు 3.6 జీబీ పడుతుంది. కంటికి కనబడని గీత తర్వాత తీరిగ్గా చూస్తే దొరకొచ్చు.

పైపులో చంద్రుణ్ణి చూసి గురి పెట్టండి. ఆరడుగుల డిష్ చూపు వెడల్పు 5 డిగ్రీలు, చంద్రుడు గంటకు దాదాపు 15 డిగ్రీలు కదులుతాడు. పది నిమిషాలకోసారి సర్దితే చాలు. డబ్బాను ఇరుసు మీద తిప్పాల్సిన పని లేదు.

9. అది నౌకేనా? రుజువు చేయండి

గీత కనబడగానే సంబరం వద్దు, ఈ వరసలో పరీక్షించండి.

మొదట డిష్‌ను చంద్రుడి నుంచి పది డిగ్రీలు పక్కకు తిప్పండి. గీత మాయం కావాలి. వెనక్కి తెస్తే మళ్లీ రావాలి. ఇలా రెండు మూడు సార్లు చేయండి. తిప్పినా గీత అలాగే ఉంటే అది మీ ల్యాప్‌టాప్‌దో ఛార్జర్‌దో. ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడండి. ఏమాత్రం వంగకుండా నిట్టనిలువుగా దిగే గీతలు దాదాపు అన్నీ ఇంటి సరుకే.

రెండోది, వంపు. ఐదారు నిమిషాల్లోనే యాభై కిలోహెర్ట్జ్ దాకా సర్రున వంగిపోయిందంటే అది భూమికి దగ్గరగా తిరిగే ఏదో ఉపగ్రహం. ఈ బ్యాండ్‌లో అవి చాలా ఉన్నాయి. ఎల్ఆర్ఓ వంపు గంట పొడవునా మెల్లగా సాగుతుంది.

మూడోది అసలు పరీక్ష. ప్రతి ఐదు నిమిషాలకు గీత ఫ్రీక్వెన్సీ రాసుకోండి, టైముతో సహా. మీరు ముందే గీసిన గ్రాఫ్ మీద ఆ చుక్కలు పెట్టండి. మొత్తం గ్రాఫ్ ఒకే దూరం పైకో కిందికో జరిగి ఉంటే కంగారు లేదు, అది ఎస్‌డీఆర్ గడియారం తప్పు. ఆకారం మాత్రం అతికినట్టు సరిపోవాలి. 2018 జనవరిలో కెనడా ఔత్సాహికుడు స్కాట్ టిల్లీ ఇంటి యాంటెన్నాతో ఒక తెలియని సిగ్నల్ పట్టారు. దాని డాప్లర్ వంపును తెలిసిన కక్ష్యలతో పోల్చి చూసి, అది 2005 డిసెంబరులో మూగబోయిన ‘ఇమేజ్’ అనే నాసా ఉపగ్రహమని గుర్తించారు. ఆ నెలాఖరులో నాసా దాన్ని నిర్ధారించింది. అంత పెద్ద సంగతి బయటపడింది వంపును లెక్కతో సరిపోల్చడం వల్లే.

వంపు బాగా సరిపోతూ ఉండగా ఒక్కసారిగా కొన్ని కిలోహెర్ట్జ్ గంతేస్తే సిగ్నల్ తప్పని కొట్టేయకండి. భూమ్మీది స్టేషన్ పంపే తరంగానికి నౌక తన ఫ్రీక్వెన్సీని ముడివేసుకున్నప్పుడు అలా జరుగుతుంది. ఆ తర్వాత మీ లెక్క సరిపోదు, ఎందుకంటే స్టేషన్ నుంచి పైకి వెళ్లిన తరంగం డాప్లర్ కూడా అందులో కలుస్తుంది. గంతుకు ముందు భాగంతోనే పోల్చండి.

నాలుగోది, చాటుకు పోవడం. చంద్రుడి వెనక్కి వెళ్లే నిమిషానికి గీత టక్కున తెగిపోవాలి, మెల్లగా మసకబారడం కాదు. ముప్పావు గంట తర్వాత ఇంకో ఫ్రీక్వెన్సీ దగ్గర మళ్లీ మొదలవ్వాలి. ఇది కూడా కుదిరితే ఇంకే అనుమానమూ అక్కర్లేదు.

చంద్రుడి సొంత రేడియో శబ్దం పెరుగుతుందా అని చూసి గురి సరిచేయబోకండి. ఇంత చిన్న డిష్‌కు ఆ తేడా అందదు. గురికి సూర్యుడే ఆధారం.

ఏమీ కనబడలేదు, ఇప్పుడేం చేయాలి?

నౌక ఇరవై నాలుగు గంటలూ ప్రసారం చేయదు. భూమ్మీద ఏదో ఒక స్టేషన్ వినే వేళల్లోనే చేస్తుంది. నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్ డిష్‌లు ఈ క్షణం ఏ నౌకతో మాట్లాడుతున్నాయో చూపించే ప్రత్యక్ష పేజీ ఉంది. మనకు చంద్రుడు తూర్పున ఉన్నప్పుడు కాన్‌బెర్రా, పడమటికి వాలాక మాడ్రిడ్ వరసలు చూడండి. ఎల్ఆర్ఓకు ఆ నెట్‌వర్క్ బయటి స్టేషన్లు కూడా ఉన్నాయి, కాబట్టి పేజీలో పేరు లేదని ఆగిపోకండి. ఒక రాత్రి గంటన్నర చూసి లేదనుకోవడం కన్నా, వేర్వేరు రోజుల్లో రెండేసి గంటలు రికార్డు చేయడం మేలు.

అలా నాలుగైదు రోజులైనా దొరక్కపోతే లోపం మీ వైపే ఉండే అవకాశం ఎక్కువ. నేల, ఆకాశం తేడా మళ్లీ కొలవండి. మొదటి రోజు 3 డీబీ ఉండి ఇప్పుడు ఒకటికి పడిపోయిందంటే కనెక్టర్లోకి నీళ్లు పోయి ఉంటాయి. సూర్యుడి పెరుగుదల తగ్గితే ఫీడ్ ఫోకస్ నుంచి జరిగింది. ఫీడ్‌ను సెంటీమీటరు చొప్పున ముందుకూ వెనక్కీ జరిపి సూర్యుడి శబ్దం ఎక్కడ గరిష్ఠమో వెతకండి. ఈ రెండు అంకెలూ బాగుండి సిగ్నల్ మాత్రం లేకపోతే టైము లెక్క, ఫ్రీక్వెన్సీ తప్పు, ఈ రెండింట్లో ఒకటి అయ్యుంటుంది.

ఉరుములొచ్చే నెలల్లో, ముఖ్యంగా మే, సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో, మబ్బు పట్టగానే కేబుల్ పీకేసి మిద్దె దిగండి. డిష్ స్టాండుకు విడిగా ఎర్త్ కడ్డీ వేయించండి. పిడుగు పడే వేళ పైపు పట్టుకుని నిలబడేంత విలువైన రికార్డింగ్ ఏదీ లేదు.

దొరికాక ఎటు?

ఇదే పరికరంతో తర్వాతి మెట్టు సూర్యుణ్ణి గమనించే సోహో నౌక, 2245 మెగాహెర్ట్జ్. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున ఎల్1 బిందువు దగ్గర ఉంది. మన ఆదిత్య ఎల్1 కూడా 2024 జనవరి 6 నుంచి ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది. చంద్రుడి కన్నా నాలుగింతల దూరం కాబట్టి, అంతే బలంగా ప్రసారం చేసినా 12 డీబీ తగ్గుతుంది. పైగా సూర్యుడు డిష్ చూపు పక్కనే ఉండి శబ్దం పెంచుతాడు. వంపు మాత్రం చాలా నెమ్మది, అందుకని అక్కడ ఒక హెర్ట్జ్ గడులు వాడొచ్చు, చాలాసేపు సగటు తీయొచ్చు. పగటి పూట పని, గురికి నీడే చాలు.

అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ 8439.44 మెగాహెర్ట్జ్ మీద పంపుతుంది. అక్కడ తరంగం పొడవు మూడున్నర సెంటీమీటర్లే. ఈ డబ్బా, ఈ ఎల్ఎన్ఏ, ఈ ఫిల్టర్ ఏవీ పనికిరావు. రెండు మిల్లీమీటర్ల సొట్ట కూడా లెక్కలోకి వస్తుంది, జల్లెడ కన్నాలు మూడున్నర మిల్లీమీటర్లకు మించకూడదు. డిష్ చూపు ఒకటిన్నర డిగ్రీకి కుంచించుకుపోతుంది కాబట్టి చేత్తో తిప్పడం కుదరక మోటార్లు పెట్టాలి. ఇస్రో బెంగళూరు దగ్గర బ్యాలాలులో 32 మీటర్ల డిష్ కట్టుకున్నది ఇలాంటి దూరాల కోసమే. మీరు అటు వెళ్లేముందు చంద్రుడి మీద చుట్టుకు చుట్టు వంపు సరిపోల్చడంలో చేయి తిరగాలి. ప్రతి రాత్రికీ తేదీ, యూటీ టైము, నేల ఆకాశం తేడా, సూర్యుడి డీబీ, ఎస్‌డీఆర్ పీపీఎం, గాలి ఎలా ఉంది అన్నవి ఒక నోటుబుక్కులో రాస్తూ పోండి. ఎక్స్ బ్యాండ్ (ఈ 8 గిగాహెర్ట్జ్ పని) మొదలుపెట్టినప్పుడు ఏది మారిందో చెప్పేది ఆ అంకెలే.